పథ్యానికి గడువు పెట్టండి

కడుపుబ్బరం, నొప్పి, నిలకడ లేని విరేచనాలు. ఐబీఎస్‌తో వేగేవాళ్లకు కఠినమైన పథ్యం ఒకటి పనిచేస్తోందని పరిశోధనలు చెబుతున్నాయి. దాన్ని ఎవరు పెట్టాలి, ఎన్నాళ్లు పాటించాలి, ఎలా సడలించాలి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటిళ్ల వైపు నుంచి ఒక పరిశీలన.

పెనం మీద పిండి పరిచి, అది ఆరుతుండగానే ఎర్రకారం పూస్తారు. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉప్పు కలిపి మెత్తగా నూరిన ముద్ద అది. దాని మీద పప్పుల పొడి చల్లి, వెన్నో నెయ్యో వేసి ఎర్రగా కాల్చి మడుస్తారు. పక్కన చెనక్కాయల చట్నీ. పొద్దున్నే ప్రొద్దుటూరు టిఫిన్ అంగళ్ల ముందు నిలబడి కారం దోశ తినేవాళ్లలో బంగారు అంగళ్లలో పనిచేసేవాళ్లుంటారు, బట్టల వ్యాపారులుంటారు, పల్లెల నుంచి బేరానికి వచ్చినవాళ్లుంటారు. వాళ్లలో కొందరికి గంట తిరక్కముందే కడుపు బిగుసుకుంటుంది. ఆ దోశలో వాళ్ల పేగుకు పరీక్ష పెట్టేవి మూడున్నాయి: ఎర్రగడ్డ, తెల్లగడ్డ, వేయించిన శనగపప్పు. మిరప కారం నాలుగోది. తమకు పడనిది వీటిలో ఏదో తేలక దోశనే మానేస్తారు. తర్వాత పప్పు మానేస్తారు. ఆపైన పాలు, వంకాయ, గోంగూర. కొన్నేళ్లకు పళ్లెంలో చారన్నం, మజ్జిగన్నం తప్ప ఏమీ మిగలదు. మనిషి చిక్కిపోతాడు, పెళ్లిళ్లకు పోవడం మానుకుంటాడు, బస్సెక్కాలంటే జంకుతాడు.

ఇది మన దగ్గర చాలా ఇళ్లలో నడిచే కథే. సలహాలకు కొదవ ఉండదు. మెడికల్ షాపులో ఒకరు గ్యాస్ మాత్ర ఇస్తారు, మరొకరు అమీబియాసిస్ అని తేల్చేస్తారు, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమ్మ ఇంకో రెండు వస్తువులు మాన్పించి పోతుంది. మానేయమని చెప్పేవాళ్లే అందరూ. మళ్లీ ఎప్పుడు, ఎంత, ఏ వరసలో తినాలో చెప్పే మనిషి దొరకడు. ఆ లోటే ఈ కథనానికి కారణం.

నొప్పి నిజం, రిపోర్టు నార్మల్

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐబీఎస్) ఉన్నవాళ్ల పేగులో పుండు కనిపించదు, గడ్డ కనిపించదు. స్కానింగ్ బాగుంటుంది, ఎండోస్కోపీ బాగుంటుంది. ‘నీకేమీ లేదు పో’ అన్న మాట విని ఇంటికొస్తారు. ఆ మాట రోగినే కాదు, ఇంట్లోవాళ్లనూ తప్పుదోవ పట్టిస్తుంది. ఈ జబ్బులో పేగు కదలికలు గతి తప్పుతాయి, పేగులోని నరాలు మామూలు ఒత్తిడినే నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. ఒకే మోతాదు గ్యాస్ ఇద్దరి కడుపులో ఉన్నా, ఒకరికి తెలియను కూడా తెలియదు, ఇంకొకరు మెలికలు తిరిగిపోతారు.

దీన్ని గుర్తించడానికి వైద్యులు 2016 నుంచి రోమ్-4 అనే ప్రమాణాలు వాడుతున్నారు. లక్షణాలు మొదలై కనీసం 6 నెలలు కావాలి. గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నదానిలో మార్పు, మలం తీరులో మార్పు అనే మూడింటిలో కనీసం రెండు కలవాలి. ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ టాస్క్‌ఫోర్స్ 2008లో ప్రచురించిన సర్వేలో వందకు నలుగురిలో ఈ జబ్బు కనిపించింది. పాశ్చాత్య దేశాల్లో ఆడవాళ్లలో ఎక్కువంటారు. మన ఆసుపత్రుల లెక్కల్లో మగవాళ్లే ఎక్కువ. ఇక్కడి ఆడవాళ్లకు నొప్పి తక్కువని దీన్నిబట్టి అనుకోవడానికి లేదు. కడుపు బాగాలేదని చెప్పుకుని ఊరు దాటి డాక్టరు దగ్గరికి పోగలిగే వీలు ఎవరికి ఎక్కువో ఆలోచిస్తే సంగతి అర్థమవుతుంది.

పథ్యం మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 దాటాక కొత్తగా మొదలైన మార్పు, దగ్గరి బంధువుల్లో పెద్దపేగు క్యాన్సర్... వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలు, తర్వాతే పథ్యం. మన దేశంలో పేగుకు టీబీ వస్తుంది. పోషకాలను ఒంటబట్టనివ్వని ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు మన పొరుగునే ఉన్న వేలూరు ప్రాంతపు పల్లెల్లో 1960లలో అంటువ్యాధిలా వ్యాపిస్తే, క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో బేకర్, మథాన్ అనే వైద్యులు దాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బుకు రక్తపరీక్ష ఉంది. అది గోధుమ తింటున్నప్పుడే చేయించుకోవాలి. ముందే మానేసి వెళ్తే జబ్బున్నా పరీక్షలో దొరక్కపోవచ్చు.

ఇంకొకటి, ఎవరూ అడగని ప్రశ్న: ఏ మాత్రలు వేసుకుంటున్నారు? షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ చాలామందికి విరేచనాలు, ఉబ్బరం తెస్తుంది. వోగ్లిబోస్ అయితే పిండిపదార్థాన్ని చిన్నపేగులో అరగకుండా ఆపడం ద్వారానే పనిచేస్తుంది. అరగని ఆ పిండి కిందికి జారి పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతుంది. మాత్ర మారిస్తే పోయే బాధకు కందిపప్పును తప్పుపట్టి లాభం లేదు. మాత్ర మార్చడం మాత్రం డాక్టరు చేయాల్సిన పని.

మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పథ్యం

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మోనాష్ యూనివర్సిటీ వైద్యుడు పీటర్ గిబ్సన్, డైటీషియన్ సూ షెఫర్డ్ 2005లో ‘ఫాడ్‌మ్యాప్’ అనే మాటను వైద్య పత్రికల్లోకి తెచ్చారు. చిన్నపేగు సరిగా పీల్చుకోలేని కొన్ని రకాల చక్కెరలకు అది ఉమ్మడి పేరు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, గోధుమల్లో ఫ్రక్టాన్లు. కంది, శనగ, అలసంద లాంటి పప్పుధాన్యాల్లో గెలాక్టో ఒలిగోశాకరైడ్లు. పాలలో లాక్టోజ్. మామిడి, తేనె, పుచ్చకాయల్లో మోతాదు మించిన ఫ్రక్టోజ్. కాలీఫ్లవర్, పుట్టగొడుగుల్లో, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ముల్లో పాలియాల్స్. ఇవి నీటిని పేగులోకి లాగుతాయి. పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు వీటిని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు దీన్ని ఎంఆర్ఐ స్కానులో చూపించి 2014లో ప్రచురించారు. ఫ్రక్టోజ్ తాగించినప్పుడు చిన్నపేగు నీటితో నిండింది. ఫ్రక్టాన్ జాతికి చెందిన ఇన్యులిన్ ఇచ్చినప్పుడు పెద్దపేగు గ్యాసుతో ఉబ్బింది.

అదే ఏడాది మోనాష్ బృందం ఒక ప్రయోగం ఫలితాలు వెల్లడించింది. ఐబీఎస్ ఉన్న 30 మందికి, ఆరోగ్యంగా ఉన్న 8 మందికి 21 రోజులు ఒక రకం భోజనం, మరో 21 రోజులు ఇంకో రకం భోజనం. తిండి దాదాపు మొత్తం పరిశోధకులే వండి పంపారు. ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించిన భోజనం తిన్న రోజుల్లో ఐబీఎస్ వాళ్ల లక్షణాల స్కోరు మామూలు ఆస్ట్రేలియా భోజనం తిన్నప్పటితో పోలిస్తే సగానికి పడిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో తేడా రాలేదు. ఈ పథ్యం అందరికోసం కాదని చెప్పడానికి ఆ 8 మంది సాక్ష్యం చాలు. లావు తగ్గడానికో, ‘పేగు శుభ్రం’ కావడానికో దీన్ని పట్టుకునేవాళ్లు వృథాగా నష్టపోతారు.

నష్టం ఉంది కూడా. లండన్‌లో హైడీ స్టాడాకర్ బృందం 2012లో గమనించిన ప్రకారం, నాలుగు వారాలు ఈ పథ్యం పాటించేసరికి పేగులోని మేలుచేసే బైఫిడోబ్యాక్టీరియా తగ్గాయి. పప్పు, పాలు, గోధుమ ఒకేసారి మానేస్తే పీచు, కాల్షియం, మాంసకృత్తులు తగ్గుతాయి. మాంసం ముట్టని ఇంట్లో ఇది మరీ ప్రమాదం. అందుకే ఇందులో మూడు అంచెలు పెట్టారు. 2 నుంచి 6 వారాలు మానడం. తర్వాత 6 నుంచి 8 వారాలు ఒక్కొక్కటి తిరిగి తిని చూడటం. ఆపైన పడనివి మాత్రమే తగ్గించుకుని మిగతావన్నీ తినడం. మొదటి అంచె దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయేవాళ్లు ఉంటారు.

సంగటి, రొట్టె, అరటిపండు

ఈ పథ్యం జాబితాలు ఇంటర్నెట్‌లో బోలెడు. వాటిలో ఉగ్గాని ఉండదు, ఊరిమిండి ఉండదు. మనవాళ్లు వాటిని చూసి ‘మనకు తినడానికేమీ లేదు’ అని బెంగపడతారు. నిజానికి రాయలసీమ పాత పళ్లెం ఈ పథ్యానికి చాలా దగ్గరగా ఉంది. బియ్యంలో ఫాడ్‌మ్యాప్‌లు తక్కువ. రాగి, జొన్న కూడా మితంగా తింటే తక్కువ కిందికే వస్తాయి. అంటే సంగటి ముద్ద, జొన్నరొట్టె, బొరుగులు పళ్లెంలో ఉండొచ్చు. చెనక్కాయలు గుప్పెడు తినొచ్చు. వంకాయ, బెండకాయ మితంగా తినొచ్చు. కోడిగుడ్డు, నాటుకోడి, చేప, మాంసంలో ఈ చక్కెరలు ఉండనే ఉండవు. చిక్కంతా వాటిని వండే తీరులో ఉంది. నాటుకోడి పులుసు చిక్కదనం ఎర్రగడ్డదీ తెల్లగడ్డదీ. ఉగ్గాని తాలింపులో ఎర్రగడ్డ, పైన చల్లేది పప్పుల పొడి, నంజుకునేది శనగపిండిలో ముంచి తీసిన మిరపకాయ బజ్జీ. బొరుగుల తప్పు ఇందులో ఏమీ లేదు.

కడప జిల్లా ఎర్రగడ్డ పండించే నేల. ఇక్కడి కేపీ ఉల్లి ఎగుమతికి పేరుపడింది. జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి పొలాల్లో చలికాలమంతా పప్పుశనగే. పండే పంటే కూరలోకి వస్తుంది. ఇలాంటి చోట ఎర్రగడ్డ, పప్పు మానమనడం చిన్న మాట కాదని పథ్యం పెట్టేవాళ్లు గుర్తించాలి.

మార్గాలున్నాయి. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. తెల్లగడ్డను నూనెలో ఎర్రగా వేయించి ముక్కలు తీసిపారేస్తే వాసన నూనెలో మిగులుతుంది, బాధపెట్టేది ముక్కలతో పోతుంది. అదే తెల్లగడ్డను పులుసులో వేసి ఉడికించి తీసేస్తే లాభం లేదు, అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటుంది. ఎర్రగడ్డ బదులు ఉల్లికాడల పచ్చని భాగం వాడొచ్చు. ఇంగువ చిటికెడు వేసుకోవచ్చు, డబ్బాలో దొరికే ఇంగువలో గోధుమపిండి కలిపారేమో చూసుకోవాలి. బేడల్ని రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించి ఆ తేటనూ వంచేస్తే గ్యాస్ చేసే చక్కెరల్లో కొంత భాగం నీళ్లతో పోతుంది.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేని వంట మనకు కొత్తా? ప్రొద్దుటూరు దసరా ఊరూవాడా తెలిసినదే. అమ్మవారిశాలలో నవరాత్రుల వేళ నైవేద్యాల వంటలో వాటికి చోటులేదు. కార్తీకమాసంలో నెలపాటు మానేసే ఇళ్లు ఎన్నో. ఆ నెలలో కడుపు తేలికగా ఉండి, నెల పోగానే బాధ తిరగబెడితే అది తప్పక రాసిపెట్టుకుని డాక్టరుకు చెప్పాల్సిన గుర్తు. ఇంటి క్యాలెండరే సగం ప్రయోగం చేసిపెట్టినట్టు. అలాగే, గ్రహణి అని పిలిచే పేగు జబ్బుకు ఆయుర్వేదం మజ్జిగను పథ్యంగా చెప్పింది. పాలు పులిసి పెరుగయ్యేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి పాలు పడని చాలామందికి పలుచని మజ్జిగ పడుతుంది. దక్షిణాదిలో పెద్దయ్యాక లాక్టోజ్ అరిగించుకునే శక్తి తగ్గిపోయేవాళ్లు ఉత్తరాదికంటే ఎక్కువని మన దేశంలోనే జరిగిన పరిశోధన తేల్చింది.

పులివెందుల అరటితోటల సంగతి వేరుగా చెప్పుకోవాలి. గెల కోసిన కాయ ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరుగుతున్నప్పుడు అందులో ఫాడ్‌మ్యాప్‌లు తక్కువ. బాగా మాగి తొక్క మీద నల్లమచ్చలు పడ్డాక ఫ్రక్టాన్లు పెరుగుతాయి. ‘అరటిపండు నాకు పడదు’ అనే మనిషికి పడనిది మాగిన పండు మాత్రమే కావొచ్చు. ఇలాంటి తేడాలు ఏ అచ్చు కాగితమూ చెప్పదు.

చపాతీ మాట కూడా ఉంది. షుగరు భయంతో రాత్రి అన్నం మాని చపాతీకి మారిన ఇళ్లు మన పట్టణాల్లో కొల్లలు. మారిన కొన్నాళ్లకు ఉబ్బరం మొదలైతే గ్లూటెన్‌ను అనుమానిస్తారు. నార్వేలోని ఓస్లోలో, గ్లూటెన్ పడదని నమ్మే 59 మందికి పైకి తేడా తెలియని మూడు రకాల తినుబండారాలు ఒక్కో వారం ఇచ్చారు. ఒకదానిలో గ్లూటెన్, ఒకదానిలో ఫ్రక్టాన్, ఒకదానిలో రెండూ లేవు. 2018లో వచ్చిన ఫలితం: ఎక్కువ ఉబ్బరం తెచ్చింది ఫ్రక్టాన్. జొన్నరొట్టెకు మారితే సరిపోయే చోట ఖరీదైన ‘గ్లూటెన్‌ఫ్రీ’ పొట్లాలు కొనాల్సిన పనిలేదు. అయితే షుగరు ఉన్నవాళ్లు పప్పు, గోధుమ మాని అన్నం పెంచితే రక్తంలో చక్కెర పెరుగుతుంది. వాళ్లకు ఈ పథ్యం సొంతంగా చేసుకునేది కానే కాదు. గర్భిణులకు, పిల్లలకు, ఇప్పటికే తిండంటే భయపడుతున్నవాళ్లకూ అంతే.

ముందు తేలిక దారి

అసలు ఇంత కఠిన పథ్యం అందరికీ అవసరమా? స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 75 మందిని రెండు భాగాలు చేసి 4 వారాలు చూశారు. ఒక భాగానికి ఫాడ్‌మ్యాప్ పథ్యం. ఇంకో భాగానికి మామూలు సలహా: వేళకు తినండి, కొద్దికొద్దిగా తినండి, నెమ్మదిగా నమలండి, కొవ్వు, కారం, కాఫీ, గ్యాస్ చేసేవి తగ్గించండి. 2015లో అచ్చయిన లెక్క ప్రకారం మొదటివాళ్లలో 50 శాతం మందికి, రెండోవాళ్లలో 46 శాతం మందికి బాధ తగ్గింది. దాదాపు సమానం. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలూ ముందు ఇదే చెబుతాయి: పూటలు తప్పొద్దు, టీ కాఫీలు రోజుకు 3 కప్పులు మించొద్దు, సోడాలు తగ్గించండి. వీటితో తగ్గకపోతేనే, తెలిసిన నిపుణుల చేతుల మీదుగా ఫాడ్‌మ్యాప్ పథ్యం.

మన బజార్ల లెక్కలో చూడండి. అంగడి తెరిచింది మొదలు మూసేదాకా ఎన్ని టీలు? మధ్యాహ్న భోజనం ఎన్ని గంటలకు? పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో ఉండి మూడున్నరకు ఒకేసారి కుంభం లాగించేవాళ్లకు మొదటి మందు ఒంటిగంట భోజనమే. ఇసబ్గోల్ లాంటి కరిగే పీచును అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2021 మార్గదర్శకాలు సిఫారసు చేశాయి. అదే సంస్థ, ఏవి తింటే పడవో రక్తం తీసి చెబుతామనే ‘ఫుడ్ సెన్సిటివిటీ’ పరీక్షలు ఐబీఎస్‌కు వద్దంది. వేలు పోసి ఆ పరీక్ష చేయించుకుని, అందులో వచ్చిన పొడవాటి చిట్టా పట్టుకుని తిండి మానేసేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

ఎవరిని అడగాలి

తిరిగి తినే అంచెలోనే తోడు కావాలి. ఒక్కో రకానికి ఒక్కో వస్తువు ఎంచుకుంటారు. లాక్టోజ్‌కు పాలు, పప్పుల చక్కెరకు బేడలు, ఫ్రక్టాన్లకు ఎర్రగడ్డ, తెల్లగడ్డ, గోధుమ వేర్వేరుగా. మొదటి రోజు కొంచెం, రెండో రోజు ఇంకొంచెం, మూడో రోజు మామూలు మోతాదు. బాధ వస్తే ఆపి, కడుపు కుదుటపడ్డాక తర్వాతి వస్తువు. ఈ పరీక్ష నడిచినన్ని రోజులూ మిగతా పథ్యం అలాగే ఉండాలి. పెళ్లి భోజనం, పరీక్షల టెన్షన్, నెలసరి, జ్వరం మధ్యలో వస్తే ఫలితం తారుమారవుతుంది. చాలామందికి చివరికి తేలేదేమంటే, పడనివి ఒకటో రెండో, అవి కూడా కొద్ది మోతాదులో పడతాయని. పావు ఎర్రగడ్డ పడుతుందని తెలిసిన మనిషికి కూరలన్నీ తిరిగొస్తాయి.

వంట చేసేది తనే, జబ్బూ తనదే అయిన ఇల్లాలికి ఇంకో చిక్కు. ఇంటిల్లిపాదికీ ఒక వంట, తనకొకటి వండుకునే తీరిక ఉండదు. ‘ఒకరి కోసం ఇదంతా ఏందమ్మీ’ అనే అత్తగారు ఉండొచ్చు. అనుభవజ్ఞులైన డైటీషియన్లు దీనికి చెప్పే ఉపాయం తేలికైనది: కూర ఉడికాక, ఎర్రగడ్డ తాలింపు కలపకముందే తన వంతు తీసిపెట్టుకోవడం.

అలాంటి డైటీషియన్ దొరికేదెక్కడ? పందొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్ మిషన్ వాళ్ల వైద్యంతో పేరుపడ్డ క్యాంప్‌బెల్ ఆసుపత్రి జమ్మలమడుగులో ఉంది. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. కడపలో 2006 నుంచి రిమ్స్ ఉంది. జబ్బు ముదిరితే జనం తిరుపతి స్విమ్స్‌కో, వేలూరుకో, జీర్ణకోశ వైద్యుడు నాగేశ్వరరెడ్డి గారి ఏఐజీ ఆసుపత్రి కోసం హైదరాబాద్‌కో పోతారు. అక్కడ పెద్ద డాక్టరు ఐబీఎస్ అని తేల్చి చీటీ రాసిస్తారు. పథ్యం మాత్రం పన్నెండు వారాల పని. ప్రతి పదిహేను రోజులకు పులివెందుల నుంచి హైదరాబాద్‌కు ఎవరు పోగలరు?

ఫోన్‌లో జరిగే పని ఇది. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా 2019 నుంచి దూరవైద్యం నడుస్తోంది. ఒక డైటీషియన్‌ను వారానికి ఒక పూట ఆ తెర ముందు కూర్చోబెడితే మూడు ఊళ్ల రోగులకూ దారి దొరుకుతుంది. అనుబంధ వైద్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టం పరిధిలో పోషకాహార నిపుణులూ ఉన్నారు కాబట్టి, ఎవరు అర్హులో తేల్చే ఏర్పాటుకు పునాది పడింది. ప్రైవేటుగా వెతుక్కునేవాళ్లు ఇండియన్ డయెటిటిక్ అసోసియేషన్ ఇచ్చే ‘రిజిస్టర్డ్ డైటీషియన్’ గుర్తింపు ఉందో లేదో అడగాలి. పొడి డబ్బాలు అమ్మజూపేవాళ్ల దగ్గర ఆగొద్దు.

వెళ్లేటప్పుడు రెండు వారాల నోటుపుస్తకం తీసుకెళ్లండి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, నొప్పి ఎప్పుడు, విరేచనం ఎలా ఉంది, ఆ రోజు నిద్ర ఎంత, వేసుకున్న మాత్రలేమిటి. విరేచనం తీరు చెప్పడానికి సిగ్గనిపిస్తే, 1 నుంచి 7 దాకా బొమ్మలున్న బ్రిస్టల్ చార్టులో అంకె రాసుకుంటే చాలు. డైటీషియన్ ఎదుట కూర్చోగానే మొదట అడగాల్సింది ఇది: ‘మేడమ్, ఏ తేదీన మళ్లీ పప్పు తినడం మొదలుపెట్టాలి?’ ఆ తేదీ చీటీ మీద రాయించుకునే లేవండి.